‘ఆ బ్యాండ్ ఎప్పుడో పోయింది’ అన్నాను, తమ్ముడు మాట్లాడడం మానేశాడు

ప్రశ్న

విశాఖపట్నం మద్దిలపాలెం నుంచి ఒక పాఠకురాలు, పేరు ప్రచురించవద్దని కోరుతూ పంపిన ఉత్తరం సారాంశం ఇది. ఆమెకు 32 ఏళ్లు, బ్యాంకులో ఉద్యోగం. తమ్ముడికి 21, ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి స్టీల్ ప్లాంటులో పనిచేయడంతో ఇద్దరూ ఉక్కునగరంలో పెరిగారు. ఆమె తొమ్మిదో తరగతిలో ఉండగా పక్క క్వార్టర్‌లోని అన్నయ్య ఒకరు ఇచ్చిన ఎంపీత్రీ సీడీలో మొదటిసారి అమెరికన్ రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ పాటలు విన్నారు. ఆ తర్వాత తమ్ముడికి పాట వినడం నేర్పింది కూడా ఆమే. కొన్నేళ్లుగా శుక్రవారం సాయంత్రాలు ఇద్దరూ స్కూటీ మీద తెన్నేటి పార్కుకు వెళ్లి, ముంత మసాలా కట్టించుకుని, ఆ వారం విడుదలైన ఆల్బమ్‌ను చెరొక ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినడం, చీకటి పడేదాకా దాని గురించి వాదించుకోవడం అలవాటు.

గాయకుడు చెస్టర్ బెన్నింగ్‌టన్ 2017లో మరణించాక, 2024 నవంబరులో లింకిన్ పార్క్ కొత్త గాయనితో ‘ఫ్రమ్ జీరో’ ఆల్బమ్ విడుదల చేసినప్పుడు ఆమె అతనితో కూర్చుని వినడానికి ఒప్పుకోలేదు. తమ్ముడు ఒక్కడే విన్నాడు, అతనికి బాగా నచ్చింది. ఇటీవల క్లాసువాళ్లతో కలిసి అతను చిన్న బ్యాండ్ ఒకటి మొదలుపెట్టాడు. కాలేజీ ఫెస్ట్ కోసం ఆ ఆల్బమ్‌లోని పాటనే సాధన చేస్తున్నారు. ఒక ఆదివారం ఆర్కే బీచ్‌లో, కురుసుర జలాంతర్గామి ఎదురుగా బ్యాండ్ వాళ్లందరూ కూర్చుని ఉండగా, సాధనలో రికార్డు చేసిన పాటను ఫోన్‌లో అక్కకు వినిపించాడు. ఆమె సగంలోనే ఆపేసి, ‘చెస్టర్ పోయిన రోజే ఆ బ్యాండ్ పోయింది. ఇది నీకు నచ్చిందంటే నేను నీకు నేర్పిందంతా దండగే. అయినా ఆ అరుపు ఆడపిల్ల గొంతుకు నప్పదు’ అన్నారు. అప్పటి నుంచి తమ్ముడు ‘తిన్నావా’, ‘అమ్మ పిలుస్తోంది’ అన్న మాటలకు మించి మాట్లాడడం లేదు. శుక్రవారాలు ఆగిపోయాయి. ‘పాటల కోసం కొట్టుకుంటారా, సారీ చెప్పేసి ఊరుకో’ అంటున్నారు తల్లి. ఫెస్ట్ వచ్చే నెలలో ఉంది. ‘నచ్చనిదాన్ని నచ్చిందని ఎలా చెప్పను? నా అభిప్రాయం నాకు ఉండకూడదా?’ అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం

మీ చివరి ప్రశ్నకు జవాబు చిన్నది: అభిప్రాయం ఉండవచ్చు, ఉండాలి కూడా. అయితే బీచ్‌లో ఆ రోజు మీరు అన్నవి మూడు మాటలు. మొదటిది ఒక బ్యాండ్ గురించి, రెండోది మీ తమ్ముడి గురించి, మూడోది అతని బ్యాండ్‌లో పాడే, మీకు పెద్దగా పరిచయం లేని ఒక అమ్మాయి గురించి. ఈ మూడింటినీ మీరు ఒకే అభిప్రాయంగా లెక్కవేసుకుని, ఒకే క్షమాపణ చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. చిక్కంతా అక్కడే ఉంది.

ముందు సంగీతం సంగతి చూద్దాం. మీ ఉత్తరంలో ఎక్కువ భాగం దాని గురించే, అదీ చదవదగినంత బాగా రాశారు. 2024 ఏప్రిల్‌లో వచ్చిన టేలర్ స్విఫ్ట్ ఆల్బమ్ గురించి ‘సగం తీసేసి ఉంటే గొప్పగా ఉండేది’ అన్నారు. ఆ మాటతో నేనూ ఏకీభవిస్తాను. ఆ శుక్రవారం మన గడియారంలో ఉదయం తొమ్మిదిన్నరకు పదహారు పాటలు వచ్చాయి, మీ బ్యాంకులో టీ తాగే వేళకు మరో పదిహేను వచ్చి పడ్డాయి. ముప్పై ఒక్క పాటలను సాయంత్రంలోగా ఎవరు మాత్రం సరిగ్గా వినగలరు? నెల తిరక్కుండానే వచ్చిన గాయని బిల్లీ ఐలిష్ ఆల్బమ్‌ను మీరు మెచ్చుకున్న కారణం కూడా సరైనదే. ముందుగా ఒక్క పాట కూడా విడిగా విడుదల చేయకుండా పది పాటలను ఒకేసారి ఇవ్వడం వల్ల దాన్ని మొదటి నుంచి చివరిదాకా వరుసగా వినవలసి వచ్చింది.

చార్లీ ఎక్స్‌సీఎక్స్ అనే గాయని ఆల్బమ్ ‘బ్రాట్’ దగ్గర మాత్రం మీతో విభేదిస్తాను. ‘మిక్సీలో గులకరాళ్లు వేసి తిప్పినట్టుంది’ అని ఒక్క వాక్యంతో తోసేశారు. మీ తమ్ముడికి అది ప్రాణమని కూడా మీరే రాశారు. ఆ చప్పుడు కింద ఏముందో ఒకసారి వినండి. తోటి గాయనిని చూసి కలిగే అసూయ ఉంది, పిల్లల్ని కనాలా వద్దా అన్న తర్జనభర్జన ఉంది, 2021లో ప్రమాదవశాత్తు చనిపోయిన సంగీత నిర్మాత సోఫీని తలచుకుంటూ పాడిన పాట ఉంది. స్నేహితురాలు బతికి ఉన్నప్పుడు ఇంకాస్త దగ్గరగా ఉండవలసిందన్న బాధ ఆ పాటలో పైకే వినిపిస్తుంది. పార్టీల్లో మోగే ఆల్బమ్ అనుకుని పక్కన పెట్టినవారందరూ ఆ పాటను పోగొట్టుకున్నారు.

దీనికి పక్కన మీరు బ్రిటిష్ రాక్ బ్యాండ్ ది క్యూర్ ఆల్బమ్ గురించి రాసిన పేరా పెట్టి చదివాను. అది కూడా 2024 నవంబరులోనే వచ్చింది. పదహారేళ్ల తర్వాత ఆ బ్యాండ్ చేసిన కొత్త ఆల్బమ్, మొత్తం ఎనిమిది పాటలు. మొదటి పాటలో మూడు నిమిషాలు దాటితే గానీ గొంతు వినిపించదు. మీరు విసుక్కోలేదు. రాత్రిపూట దీపం ఆర్పేసి పదే పదే విన్నారు. ఆ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ స్మిత్ తన అన్న మరణం మీద రాసిన పాట దగ్గర మీకు నిద్ర పట్టలేదట. అంటే ఓపికగా వినడం మీకు చేతకాక కాదు. ఒకరికి అంత ఓపిక ఇచ్చి, అదే నెలలో వచ్చిన మరొకరికి మూడు పాటలు, అవీ సిటీ బస్సులో నిలబడి, ఫోన్ స్పీకర్ చెవికి ఆనించుకుని విన్నంత మాత్రమే ఎందుకు ఇచ్చారన్నది నాకు ఆసక్తి కలిగించిన ప్రశ్న. ‘ఫ్రమ్ జీరో’ మొత్తం పదకొండు పాటలు, అరగంటకు కాస్త ఎక్కువ. సాయంత్రం రద్దీలో మద్దిలపాలెం నుంచి గాజువాక చేరేలోగా అయిపోతుంది.

చెస్టర్ బెన్నింగ్‌టన్ లేని లింకిన్ పార్క్ అసలు లింకిన్ పార్కే కాదన్నది మీ వాదన. ఆ బ్యాండ్ చరిత్ర నాకంటే మీకే బాగా తెలుసు గనుక గుర్తు మాత్రమే చేస్తున్నాను. 1996లో అది ‘జీరో’ అన్న పేరుతో మొదలైనప్పుడు అందులో పాడింది మార్క్ వేక్‌ఫీల్డ్. ఆయన వెళ్లిపోయాక, 1999లో చెస్టర్ వచ్చారు. కొత్త ఆల్బమ్ పేరు ఆ మొదటి పేరునే తలుస్తోంది. గాయకుడు పోయాక బ్యాండ్ ఏం చేయాలన్నదానికి స్థిరమైన నియమం కూడా లేదు. 1980 మే నెలలో ఇయాన్ కర్టిస్ మరణించాక జాయ్ డివిజన్‌లో మిగిలినవారు పేరు మార్చుకుని న్యూ ఆర్డర్ అయ్యారు. అదే ఏడాది ఫిబ్రవరిలో బాన్ స్కాట్‌ను పోగొట్టుకున్న ఏసీ డీసీ అదే పేరుతో, కొత్త గాయకుడితో, జూలైకల్లా ఆల్బమ్ తెచ్చింది. 1994లో గాయకుడు పోయాక నిర్వాణ అనే బ్యాండ్ పూర్తిగా ఆగిపోయింది. లింకిన్ పార్క్ ఏడేళ్లు ఆగి, ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను తీసుకుని, పాత పేరుతోనే తిరిగి వచ్చింది. ఆ పేరు వదిలేసి ఉంటే బాగుండేదని మీరు అనుకోవచ్చు. అది గట్టి వాదనే, బ్యాండ్ స్థాపకుల్లో ఒకరైన మైక్ షినోడా దగ్గర కూడా దానికి అందరినీ ఒప్పించే జవాబు ఉండకపోవచ్చు.

మన దగ్గర కూడా ఇది జరిగింది. 1974 ఫిబ్రవరిలో ఘంటసాల వెళ్లిపోయాక, ఎన్టీఆర్‌కు, ఏఎన్నార్‌కు బాలు, రామకృష్ణ పాడుతుంటే మా పెద్దవాళ్లలో కొందరు రేడియో కట్టేసేవారు. ‘ఆ పెదాల మీద ఈ గొంతేమిటి’ అనేవారు. వాళ్లు అబద్ధమాడలేదు, వాళ్ల చెవులకు నిజంగానే అలా వినిపించింది. 2020 సెప్టెంబరులో బాలు పోయిన రోజు ఆ ఇళ్లలోనే పొయ్యి వెలగలేదు. అయినంత మాత్రాన మీకూ ఎమిలీ గొంతు ఏదో ఒక రోజు నచ్చి తీరుతుందని నేను చెప్పడం లేదు. రామకృష్ణ పాటను చివరిదాకా ఒప్పుకోనివారు కూడా మా ఇళ్లలో ఉన్నారు, హాయిగానే బతికారు. నాకైతే ఆ ఆల్బమ్‌లో ఎమిలీ చెస్టర్‌ను అనుకరించని చోట్ల బాగా నచ్చింది, పాటల కూర్పు మరీ పాత అచ్చులో పోసినట్టున్న చోట్ల అంతగా నచ్చలేదు.

ఇంతకీ మీరు ఎందుకు వినలేకపోయారన్నదానికి జవాబు మీ ఉత్తరంలోనే ఉందని నాకు అనిపించింది. 2017 జూలైలో చెస్టర్ ప్రాణం తీసుకున్నారన్న వార్త వచ్చినప్పుడు మీరు హైదరాబాదులో, అమీర్‌పేట హాస్టల్‌లో ఉండి బ్యాంకు పరీక్షలకు చదువుతున్నారు. మెట్ల మీద కూర్చుని ఏడ్చానని, ఎవరో అమెరికావాడికోసం ఏడుస్తున్నానని రూమ్మేట్లు నవ్వుతారని ఎవరికీ చెప్పలేదని రాశారు. దానికి రెండు నెలల ముందు, అదే ఏడాది మేలో వచ్చిన వాళ్ల ఆల్బమ్‌ను ‘పాప్ పాటలకు అమ్ముడుపోయారు’ అని స్నేహితుల దగ్గర తిట్టిపోశానని తర్వాతి పేరాలో, వేరే సందర్భంలో రాశారు. ఈ రెండు విషయాలనూ మీరు కలిపి చూడలేదు. చూడడం ఇష్టం లేకనేమో కూడా. ఆ ఆల్బమ్‌ను ఆ రోజుల్లో తిట్టిన అభిమానులు ప్రపంచమంతటా ఉన్నారు. చెస్టర్ తన కుంగుబాటు గురించి, మత్తు అలవాటుతో చేసిన పోరాటం గురించి ఎన్నో ఏళ్లుగా బహిరంగంగానే మాట్లాడుతూ వచ్చారు. ఒక ఆల్బమ్ నచ్చలేదన్న మాటకు, ఆ మరణానికి మీ మనసులో ముడి పడి ఉంటే దయచేసి విప్పేయండి. ఈ విషయం మీకు ఇంకా బరువుగానే ఉంటే, నిద్రను, పనిని పాడుచేస్తుంటే, ఒకసారి మానసిక నిపుణులతో మాట్లాడడంలో తప్పేమీ లేదు.

అప్పటికి మీ తమ్ముడికి పదమూడేళ్లు. ఆ మెట్ల సంగతి అతనికి తెలియదు. అతని వైపు నుంచి చూస్తే, లింకిన్ పార్క్‌ను తనకు పరిచయం చేసిన అక్క, ఆ బ్యాండ్ మళ్లీ బతికి వచ్చిన రోజున సంతోషిస్తుందనుకుంటే మొహం తిప్పేసుకుంది. ఆ బ్యాండ్ నుంచి తనకు తెలిసిన మొదటి కొత్త ఆల్బమ్ అది. మీకు తొమ్మిదో తరగతిలో దొరికిన ఆ సీడీ ఎంతో, అతనికి ఇది అంత. ఫోన్‌లో పాట వినిపించినప్పుడు అతను అడిగింది ఆల్బమ్ మీద తీర్పు కాదనుకుంటాను. ‘మేం చేస్తున్నది ఎలా ఉంది’ అని అడిగాడు. మీరు సగం విని, వాళ్లు ఎలా వాయించారో ఒక్క ముక్క చెప్పకుండా, దాదాపు ముప్పై ఏళ్ల బ్యాండ్ చరిత్రకు జవాబు చెప్పారు. పైగా ‘నేర్పిందంతా దండగ’ అన్నారు. పెంచిన చేతులు అనవలసిన మాట కాదది.

ఇక మూడో మాట. ‘వాళ్లలో పాడే అమ్మాయి కూడా అక్కడే ఉంది’ అని మీ ఉత్తరంలో ఒకే ఒక వాక్యం ఉంది. తర్వాత ఆమె ప్రస్తావన మళ్లీ రాలేదు. మీ తమ్ముడు అంత గట్టిగా బిగుసుకుపోవడానికి సగం కారణం ఆ వాక్యంలోనే ఉందని నా అనుమానం. తన మీద మీరు విసుక్కోవడం అతనికి అలవాటే, శుక్రవారాల్లో అలాంటివి ఎన్నో విని ఉంటాడు. తన మాట నమ్మి వచ్చి పాడుతున్న స్నేహితురాలిని తన సొంత అక్క అందరి ముందు తీసిపారేయడం వేరు. రేపు సాధనకు వెళ్లి అతను ఆమె మొహం చూడాలి. పోనీ, మీ మాట నిజమా అంటే అదీ కాదు. స్వీడన్‌కు చెందిన ఆర్చ్ ఎనిమీ బ్యాండ్‌లో 2000ల ఆరంభం నుంచి ఆడవాళ్లు ఎలాంటి గొంతుతో పాడారో మెటల్ సంగీతం వినేవారెవరైనా చెబుతారు. ఆ అరుపు సాధనతో, ఊపిరి అదుపుతో వచ్చేది. ఆడ, మగ అన్న లెక్కతో దానికి పని లేదు. చెస్టర్ 2007లో పాడిన ఆ పదిహేడు సెకన్ల అరుపును మీరు ఇన్నేళ్లుగా మెచ్చుకుంటున్నది కూడా దాని వెనుక ఉన్న ఆ శ్రమ తెలిసే కదా.

ఇప్పుడు మీ ముందు ఉన్న దారులు చూద్దాం. ‘మళ్లీ విన్నాను, చాలా బాగుంది’ అని చెప్పేయడం ఒకటి. అది మీరు చేయలేరని మీరే అన్నారు, చేయవద్దనే నా మాట కూడా. మీరు దేన్ని మెచ్చుకునేటప్పుడు ఎలా మాట్లాడతారో అతనికి బాగా తెలుసు, రెండో వాక్యంలోనే పట్టేస్తాడు. ఆ తర్వాత మీరు నిజంగా మెచ్చుకున్నా నమ్మడు.

పాటల జోలికి పోకుండా, మిగతా విషయాల్లో మామూలుగా ఉండిపోవడం మరో దారి. చాలా ఇళ్లలో ఇదే జరుగుతుంది, గొడవలు కూడా ఉండవు. మీ ఇద్దరి విషయంలో నాకున్న భయం ఏమిటంటే, పదకొండేళ్ల తేడా ఉన్న అక్కాతమ్ముళ్లకు మాట్లాడుకోవడానికి దొరికిన చోటు అదొక్కటే. అతను మరి కొన్నాళ్లలో ఉద్యోగం వచ్చి ఏ బెంగళూరుకో వెళ్లిపోతాడు. అప్పుడు ఫోన్‌లో ‘తిన్నావా’ తప్ప మరేం మిగలదు.

మీ అమ్మగారు చెప్పినట్టు ఒక్క ‘సారీ’తో ముగించడం మూడోది. పని జరిగినట్టే ఉంటుంది. కానీ దేనికి సారీ అన్నది తేలదు. ఆల్బమ్ నచ్చనందుకు చెప్పారని అతను అనుకుంటే, అక్క మాట మార్చిందనుకుంటాడు. మీకేమో లోపల ‘నా అభిప్రాయం నేను వదులుకోవలసి వచ్చింది’ అన్న మంట మిగిలిపోతుంది.

నాకు మెరుగ్గా కనిపిస్తున్నది మూడు మాటలనూ విడదీసి, దేని జవాబు దానికి ఇవ్వడం. ముందు ఆ అమ్మాయితో మాట్లాడాలి. ‘నీ పాట సగం కూడా వినకుండా మాట అన్నాను, ఆ మాట కూడా తప్పు’ అని చెబితే చాలు, అంతకు మించి వివరణ అక్కర్లేదు, చెస్టర్ కథ అంతకన్నా అక్కర్లేదు. ఆమె నంబరు తమ్ముడినే అడగవలసి వస్తుంది. ఎందుకని అతను అడుగుతాడు, మీరు చెబుతారు, బహుశా బిగుసుకున్న మాట అక్కడే కాస్త సడలుతుంది. సడలకపోవచ్చు కూడా. నంబరు ఇవ్వనంటే బలవంతపెట్టకుండా, మీ మాటను ఆమెకు చేర్చమని అడగండి. ఆమె వెంటనే ‘పర్లేదక్కా’ అనేస్తుంది, మన పిల్లలు అలాగే అంటారు. అన్నంత మాత్రాన నిజంగానే పర్లేదని అనుకోకండి.

తమ్ముడితో మాట్లాడేటప్పుడు ‘దండగ’ అన్న మాటను వెనక్కి తీసుకోండి, బ్యాండ్ మీద అభిప్రాయాన్ని అలాగే ఉంచుకోండి. ‘ఆ ఆల్బమ్ నేను ఇంకా సరిగ్గా వినలేదు, వినలేకపోతున్నాను’ అనడం నచ్చలేదనడం కంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. 2017 సంగతి చెప్పాలా అన్నది మీ ఇష్టం. చెబితే అతనికి మీరు మొహం తిప్పుకోవడం వెనుక ఏముందో అర్థమవుతుంది. కానీ దాన్ని సంజాయిషీలా, క్షమాపణతో పాటే, అదే గుక్కలో చెబితే అతని బాధ వెనక్కి పోయి మీ బాధ ముందుకు వస్తుంది. అందుకని ఒక వారం ఆగి, విడిగా చెప్పడం మేలు.

ఆల్బమ్ వినాలా? ఫెస్ట్‌లోపు వినితీరాలన్న గడువు పెట్టుకోకండి. శుక్రవారం వచ్చినదాని మీద శుక్రవారమే తీర్పు చెప్పే అలవాటు మీ ఇద్దరికీ సరదాగానే ఉండేది, 2015 నుంచి ప్రపంచమంతా ఆ రోజునే ఆల్బమ్‌లు విడుదల చేస్తోంది గనుక వారం వారం సరుకు కూడా దొరుకుతోంది. ఈ ఒక్క ఆల్బమ్‌కు మాత్రం అది పనికిరాదు. వినాలనిపించిన రోజున ఒంటరిగా వినండి. అప్పటికీ నచ్చకపోతే ఎక్కడ, ఎందుకు నచ్చలేదో అతనితో వాదించండి. మీ తమ్ముడు కోరుకునేది అదే అయి ఉంటుంది, మీ మౌనం కాదు.

ఫెస్ట్‌కు పిలవకుండా వెళ్లవద్దు. ‘ఆశ్చర్యపరుద్దాం’ అని సినిమాల్లో మాదిరిగా జనం మధ్య నుంచి ప్రత్యక్షమైతే, స్టేజీ మీద ఉన్న ఆ అమ్మాయికి మిమ్మల్ని చూడగానే గొంతు బిగుసుకుపోవచ్చు. ‘నేను రావచ్చా’ అని ముందే అడగండి. వద్దంటే ఆ పూట ఇంట్లోనే ఉండండి, ఎవరైనా తీసిన వీడియో తర్వాత చూడవచ్చు. రమ్మంటే వెళ్లి, పాట పూర్తయ్యేదాకా వినండి. ఈసారి ఏదైనా చెప్పాలనుకుంటే చెస్టర్‌తోనో ఎమిలీతోనో పోల్చకుండా, వాళ్లు నలుగురూ ఆ రోజు ఎలా వాయించారో, ఎలా పాడారో అది చెప్పండి. డ్రమ్స్ పరుగెత్తాయా, గిటారు శ్రుతిలో ఉందా, రెండో చరణంలో ఆమె ఊపిరి ఎక్కడ తీసుకుంది అన్నవి మీ చెవికి తప్పకుండా అందుతాయి, వాళ్లకు పనికొచ్చేవి కూడా అవే.

మీ అమ్మగారిని మాత్రం ఇందులోకి లాగకండి. ఆమె మధ్యవర్తిత్వం చేస్తే అతను అమ్మ మాట కాదనలేక తలూపుతాడు, మీకు కూడా పని అయిపోయిందనిపిస్తుంది, ఆ అమ్మాయి సంగతి మాత్రం ఎవరికీ పట్టకుండా పోతుంది.